ఇంటికి పిల్లిని తెచ్చే ముందు దాని గుణం చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి మన ఊళ్లలో ఈమధ్య పిల్లులను పెంచుకునే ఇష్టం బాగా పెరిగింది. సంతోషమే. అయితే చాలా ఇళ్లకు పిల్లి వస్తున్నది ఇద్దరి కోసం. పుట్టినరోజుకు పిల్లి కావాల్సిందేనని మారాం చేసే పిల్లల కోసం, కొడుకులు కూతుళ్లు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడితే ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్ల కోసం. "అమ్మకు తోడుంటుంది" అనుకుని ఫోన్‌లో ఫొటో చూసి, అక్కడి నుంచే డబ్బు కట్టి, బుట్టలో పెట్టి పంపించేస్తున్నారు. పశువుల దవాఖానలో సహాయకుడిగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. అలా వచ్చిన పిల్లులు, గీరించుకుని చేతికి గుడ్డ చుట్టుకున్న పిల్లలు, ఏం చేయాలో తోచని ముసలివాళ్లు నాకు బాగా తెలుసు. జాతి, రంగు, బొచ్చు తర్వాత సంగతి. వీళ్ల కోసం పిల్లిని ఎంచేటప్పుడు ముందు దాని గుణం చూడాలి. అలా చూసుకునే వీలు జిల్లా యంత్రాంగం కల్పించాలి. ఈ ఉత్తరం అందుకే.

అందరూ అడిగేది పర్షియన్ పిల్లి. అది నెమ్మదైన జాతేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ చప్పిడి ముక్కు వల్ల దానికి ఊపిరి సరిగా ఆడదు, ఒంటినిండా ఒత్తయిన బొచ్చు. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటిన రోజు కరెంటు పోతే, ఆ పిల్లి నోరు తెరిచి రొప్పుతుంది. పిల్లి నోటితో రొప్పుతోందంటే ప్రాణం మీదికి వస్తోందని అర్థం. దాని బొచ్చు రోజూ దువ్వాలి, కళ్ల కింద కారే నీళ్లు రోజూ తుడవాలి. చేతివేళ్లు నొప్పులతో వంకర్లు పోయిన డెబ్బై ఏళ్ల మనిషి ఈ పని ఎన్నాళ్లు చేయగలదు? దువ్వకపోతే బొచ్చు ఉండలు కట్టి చర్మాన్ని లాగుతుంది. ఆ నొప్పి మీద చేయి పడితే ఎంత సాధు పిల్లి అయినా కరుస్తుంది. అప్పుడు తప్పు పిల్లిదంటారు. పైగా ఆ జాతిలో మూత్రపిండాల్లో నీటితిత్తులు వచ్చే జబ్బు తరతరాలుగా సంక్రమిస్తుంది. కొనేవాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పరు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు వయసు దగ్గర జరుగుతోంది. నెల కూడా సరిగా నిండని కూనలను అమ్ముతున్నారు. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో మెత్తగా పెరిగిన కూనే పెద్దయ్యాక మనిషిని చూసి బెదరకుండా ఉంటుంది. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో అది తల్లి దగ్గర, తోడబుట్టినవాటితో ఆడుకుంటూ నేర్చుకుంటుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు అననే అన్నారు. అంత జాగ్రత్తగా సాకే తల్లి నుంచి కళ్లు తెరిచీ తెరవకముందే విడదీసి, దాన్ని ఐదేళ్ల పిల్లాడి చేతిలో పెడుతున్నాం. 2018లో కేంద్రం తెచ్చిన పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒక దుకాణంలో నేను ఈ మాట అడిగితే "పాలు తాగే పిల్లయితేనే మాలిమి అవుతుంది సార్" అని జవాబు వచ్చింది. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం.

పెద్దవాళ్లకైతే అసలు కూన వద్దే వద్దు. అది కాళ్లకు అడ్డం పడుతుంది, పరదాలు ఎక్కుతుంది, అర్ధరాత్రి గెంతులేస్తుంది. ఒక్కసారి కాలు జారి తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మళ్లీ కోలుకోవడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. షుగర్ ఉన్నవాళ్లకు చిన్న గీరు కూడా తొందరగా మానదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు నెత్తురు తొందరగా ఆగదు. మూడు, నాలుగేళ్లు దాటిన పిల్లి అయితే దాని స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది. అది ఒడిలో కూర్చునే రకమా, దూరం నుంచి చూసే రకమా అన్నది ఊహించే పని లేదు, కళ్లముందే కనిపిస్తుంది. నాటు పిల్లులు సాధారణంగా పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతాయి కాబట్టి, పెద్దవాళ్ల తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారో కూడా పిల్లలు ముందే మాట్లాడుకోవాలి.

మునుగోడు దిక్కు ఒక ఊళ్లో నాకు తెలిసిన పెద్దమ్మ ఒకామె ఉంది. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు, నడుము బిగుసుకుపోయాయి, కిందికి వంగలేదు. పట్నంలో ఉన్న మనుమడు బొచ్చు పిల్లిని కొనిస్తానంటే వద్దంది. రోజూ వాకిట్లోకి వచ్చిపోయే బూడిద రంగు నాటు పిల్లినే ఉంచుకుంది. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి టీకాలు వేయించారు. అది మలమూత్రాలు పోసుకునే ఇసుక తొట్టిని నేల మీద కాకుండా పొట్టి బల్ల మీద పెట్టించాం, ఆమె వంగకుండానే శుభ్రం చేసుకుంటుంది. తిండి గిన్నె కిటికీ గూట్లో ఉంటుంది. తేలిగ్గా ఊడివచ్చే మెడపట్టీకి చిన్న గంట కట్టారు. పిల్లి ఎటు ఉందో ఆ చప్పుడును బట్టి తెలిసి, ఆమె అడుగు చూసుకుని వేస్తుంది. ఆమె మంచం దిగబోతే ఆ పిల్లి ముందే దూకి వెళ్లి గడప దగ్గర కూర్చుంటుంది. వేలకు వేలు పోసి కొన్న ఏ జాతి పిల్లీ ఆ ఇంటికి ఇంత బాగా కుదిరేది కాదని నా నమ్మకం.

గుణం చూడటం పెద్ద విద్యేమీ కాదు, కాస్త ఓపిక కావాలి. పిల్లి ఉన్న చోటికి వెళ్లి నేల మీదో, పీట మీదో కూర్చోండి. పిలవొద్దు, పట్టుకోవద్దు. చూపుడు వేలు దాని ముక్కు ఎత్తులో చాచి ఊరుకోండి. తోక నిటారుగా పైకెత్తి దగ్గరికొచ్చి, వేలు వాసన చూసి, చెంప రుద్దిందంటే మొదటి మెట్టు దాటినట్టే. అప్పుడు గడ్డం కింద, చెవుల వెనక మెల్లగా నిమరండి. తర్వాత రెండు చేతులతో ఎత్తుకుని, కాసేపటికి దించండి. దించగానే పారిపోయి మంచం కింద దూరిందా, అక్కడే నిలబడి ఒళ్లు విదిల్చుకుని మళ్లీ మీ దగ్గరికే వచ్చిందా? ఆ రెండోదే మీకు కావాల్సిన పిల్లి. చివరగా ఒక స్టీలు గిన్నె కొంచెం దూరంలో కింద పడేయండి. పిల్లలున్న ఇంట్లో చప్పుళ్లు తప్పవు. ఉలిక్కిపడటం సహజమే, ఎంతసేపట్లో తేరుకుంటుందన్నదే చూడాలి. చెవులు వెనక్కి అణిచి, తోక కొట్టుకుంటూ ఉంటే ఆ రోజుకు వదిలేసి మరోరోజు వెళ్లండి. ఎవరికోసం తెస్తున్నారో ఆ బాబునో పాపనో, ఆ పెద్దావిడనో తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఇంట్లో ఎవరికైనా ఆయాసం, తుమ్ములు ఉంటే పిల్లి ఉన్న చుట్టాల ఇంట్లో ఒకటి రెండు పూటలు గడిపి చూశాకే నిర్ణయించుకోండి. నల్ల పిల్లి అపశకునమని వద్దనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు తెలిసిన మంచి పిల్లుల్లో నల్లవి చాలానే ఉన్నాయి.

ఆడదా మగదా అన్న దానికన్నా ఆపరేషన్ అయిందా లేదా అన్నది ముఖ్యం. ఆపరేషన్ కాని గండుపిల్లి రాత్రిళ్లు గల్లీలో పోట్లాడి దెబ్బలతో వస్తుంది, గోడల మీద మూత్రం చిమ్ముతుంది. ఆడపిల్లి అయితే ఎదకొచ్చినప్పుడల్లా అరుస్తుంది, ఏడాదిలో రెండు మూడు ఈతలు ఈనగలదు. ఐదారు నెలల వయసులో ఆపరేషన్ చేయిస్తే ఈ గొడవలన్నీ తగ్గి పిల్లి నెమ్మదిస్తుంది.

పిల్లికి నేర్పేదానికన్నా పిల్లలకు నేర్పాల్సిందే ఎక్కువ. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. తోక లాగొద్దు. వేళ్లు ఆడించి ఆటపట్టించొద్దు, దారానికి గుడ్డ పీలిక కట్టి ఆడించండి. అది వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే నిమరమని కాదు. ఐదేళ్లలోపు పిల్లల్ని పిల్లితో ఒంటరిగా ఎప్పుడూ వదలకూడదు. పిల్లలకు అందని ఎత్తులో ఒక బీరువా పైభాగమో, అటకో దానికి ఉండాలి. పారిపోయే దారి ఉన్న పిల్లి తొందరపడి కరవదు.

రేబిస్ కుక్కలతోనే వస్తుందనుకోవడం ప్రమాదం, పిల్లి వల్ల కూడా వస్తుంది. మూడు నెలలు నిండగానే టీకా వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి. కరిచినా, నెత్తురు వచ్చేలా గీరినా పసుపు, సున్నం, కారం పూయకుండా, ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే సర్కారు దవాఖానకు వెళ్లాలి. అక్కడ రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. ఒక్క డోసు కూడా మానొద్దు. ఇంట్లో గర్భిణి ఉంటే ఇసుక తొట్టిని వేరేవాళ్లు రోజూ శుభ్రం చేయాలి. పెద్దవాళ్ల మంచం పక్కన ఉండే మాత్రల విషయంలో మరీ జాగ్రత్త. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఇక తిండి. పాలు, పెరుగన్నం మీద పిల్లి బతకదు. మాంసంలో దొరికే టారిన్ అనే పదార్థం అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. ఇంట్లోకి కోడిమాంసం, చేప రానివ్వనివాళ్లు, కొనుక్కొచ్చే పిల్లి తిండి కూడా పెట్టలేమనుకునేవాళ్లు పిల్లి జోలికి పోకపోవడమే దానికి మేలు.

అధికారులకు నా విన్నపం. జిల్లా కేంద్రాల్లోని పశువైద్యశాలల్లో నెలకు ఒక రోజు పిల్లులకే కేటాయించండి. టీకాలు, ఆపరేషన్లు రెండూ ఆ రోజు జరగాలి. ఇప్పుడు కుక్కల మధ్య, గేదెల మధ్య సంచిలో కూర్చోబెట్టిన పిల్లి హడలిపోయి, పట్టుకున్న మనిషినే గీరుతోంది. ఆ భయానికే జనం రెండోసారి తీసుకురావడం మానేస్తున్నారు. అదే రోజు, వాకిట్లో పెరిగిన సాధు పిల్లులకు ఇల్లు వెతికేవాళ్లూ, పిల్లి కావాలనుకునేవాళ్లూ అక్కడే కలుసుకుని, కూర్చుని చూసుకునేందుకు ఒక గది ఇస్తే చాలు, సర్కారుకు పెద్ద ఖర్చేమీ ఉండదు. దుకాణాలను తనిఖీ చేసి రిజిస్ట్రేషన్, కూనల వయసు, టీకాల కార్డు అడగండి. బడులకు ఏప్రిల్ ఆఖరులో సెలవులిస్తారు, పిల్లుల అమ్మకాలు ఎక్కువయ్యేది అప్పుడే. మొదటి తనిఖీ ఆలోపే జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత పశువైద్య సహాయకుడు,
నల్లగొండ