అడ్డా మీది పెద్దమ్మకు, రొట్టెల అక్కకు, ఇంకా చాలామందికి కృతజ్ఞతలు

మూడు నెలల కింద ఇక్కడే ఒక పోస్ట్ పెట్టాను. బోరబండ, ఎర్రగడ్డ వైపు ఉంటున్న పాలమూరు కూలీ కుటుంబాలతో మాట్లాడాలి, ఊళ్లో ఏం తినేవాళ్లు, హైదరాబాద్ వచ్చాక ఏం తింటున్నారు అన్నది నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు, ఎవరైనా పరిచయం చేస్తారా అని అడిగాను. నిన్న సాయంత్రం చివరి ఇంట్లో మాట్లాడటం అయిపోయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఎవరెవరు ఎంత సాయం చేశారో గుర్తొస్తూనే ఉంది, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

ముందుగా ఎర్రగడ్డ లేబర్ అడ్డా మీద, అంటే కూలీలు రోజు పని కోసం పొద్దున్నే వచ్చి నిలబడే చోట, కలిసిన పెద్దమ్మకు. కోస్గి దగ్గర ఊరు ఆమెది, పేరు రాయొద్దని చెప్పింది కాబట్టి రాయను. నేను మొదటి వారం పట్టుకెళ్లిన ఫారంలో ఆహార భద్రతను కొలిచే 8 ప్రశ్నలు ఉండేవి, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చాలా దేశాల్లో వాడేవే. డబ్బు లేక తిండి అయిపోతుందని దిగులు పడ్డారా, ఒక పూట మానేశారా, రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా, ఇలా. వాటి కింద నేను సొంతంగా 'సంప్రదాయ ఆహారం తీసుకుంటారా' అని ఒకటి చేర్చాను. అడిగిన ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు, 'అంతా మంచిగనే తింటున్నం'. చాలా టెన్షన్ పడ్డాను, ప్రాజెక్టు ఇక ముందుకు పోదేమో అనుకున్నాను. పెద్దమ్మ నా పక్కన కూర్చుని ఆ ఫారం మొత్తం చదివించుకుని విన్నది. "గట్లడిగితె ఎవరు చెప్తరు బిడ్డా? పస్తులుంటున్నరా అని మొకం మీద అడిగితె సిగ్గు గాదా? ఇంటికాడ ఏం తింటుండె, ఈడ ఏం తింటున్నరు, గది అడుగు ముందుగాల" అన్నది.

అలా అడగడం మొదలుపెట్టాక ఇక ఆపడం నా వల్ల కాలేదు. పొద్దున జొన్న గట్క, అంటే జొన్న రవ్వ ఉడికించింది, మజ్జిగ పోసుకుని. ఎండాకాలం అంబలి. మధ్యాహ్నం సద్దిలోకి జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) తొక్కు. చలికాలంలో అనపగింజల గుడాలు (ఉడికించిన గింజలు). చెబుతుంటే వాళ్ల ముఖాలు మారిపోయేవి, పక్కింటి వాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు, మా ఊళ్లో ఇట్ల చేస్తం అంటే కాదు అట్ల అని ఒకరినొకరు సరిదిద్దుకునేవాళ్లు. ఆ మాటల మధ్యలోనే అసలు సంగతి బయటికొచ్చేది. పోయిన వానకాలం వారంలో రెండు రోజులే పని దొరికింది, అప్పుడు అన్నంలో కారం, నూనె కలుపుకుని పిల్లలకు పెట్టి తాము నీళ్లు తాగి పడుకున్నామని ఒకావిడ చెప్పింది, మొదటి వారం నాకు 'మంచిగనే తింటున్నం' అని చెప్పింది కూడా ఆమే.

నేను ఇంతకుముందు పట్నం వచ్చాక జనానికి రుచులు మారతాయని, పాత తిండి పాతబడిపోతుందని అనుకునేదాన్ని. తప్పు. రుచి ఏమీ మారలేదు, రొట్టె చేసుకునే వీలు పోయింది. ఇది నాకు అర్థమయ్యేలా చెప్పింది సాయంత్రం పూట రోడ్డు పక్కన పెనం పెట్టుకుని రొట్టెలు చేసి అమ్మే అక్క. జొన్నపిండి తాజాగా ఉండాలి, నిల్వ ఉంటే జిగి పోయి తట్టేటప్పుడు విరిగిపోతుంది. మరుగుతున్న నీళ్లు పోసి కలపాలి, మంట పెద్దగా ఉండాలి. కిరాయి గదిలో ఉన్నది ఒక్క చిన్న స్టవ్వు, 5 కిలోల సిలిండర్, అందులో గ్యాస్ కిలోల లెక్కన పట్టించుకోవాలి. ఐదుగురికి రొట్టెలు చేయాలంటే గంట మంట. అదే అన్నం ఒక్కసారి పొయ్యి మీద పెడితే అయిపోతుంది. పొద్దున నాలుగింటికి లేచి, నీళ్లు పట్టుకుని, వంట చేసి, ఏడు గంటలకల్లా అడ్డా మీద నిలబడాల్సిన మనిషికి ఆ గంట ఎక్కడిది? పైగా తెల్లవారకముందే రొట్టె తడితే చప్పుడవుతుందని ఒక ఇంటి ఓనరు గొడవ పెట్టుకున్నాడట.

తెల్లన్నం మానేసి జొన్నలు తినండి అని ఊరికే సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. జొన్నల్లో 100 గ్రాములకు పీచు దాదాపు 10 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 3 కూడా లేదు, ఐరన్ జొన్నల్లో 4 మిల్లీగ్రాముల దాకా ఉంటే బియ్యంలో ఒక్కటి కూడా లేదు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో ఉన్న లెక్క ఇది. ఈ అంకెలు తెలియకపోయినా, గట్క తిన్న రోజు మధ్యాహ్నం దాకా ఆకలి కాదని ఆ అమ్మలందరికీ తెలుసు. కానీ బియ్యం రేషన్‌లో ఉచితంగా వస్తుంది, జొన్నలు కొనుక్కోవాలి. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2, జొన్నల లాంటి ముతక ధాన్యాలు 1 అని రాసి ఉంది, 2023 జనవరి నుంచి ఆ డబ్బూ కట్టక్కర్లేదు. చట్టంలో ఉన్న ఆ జొన్న నేను కూర్చున్న రేషన్ షాపులో మాత్రం ఒక్క గింజ కనబడలేదు. రేషన్‌లో దొడ్డుబియ్యం బదులు సన్నబియ్యం వచ్చాక నయమైందని అందరూ చెప్పారు, అది కూడా రాసుకున్నాను.

మూడు రోజులు తన షాపులో ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెట్టిన డీలర్ అన్నకు దండాలు. కార్డు ఊరిదైనా ఇక్కడ వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చని చాలామందికి తెలుసు. కానీ కార్డు ఒక్కటే, ఊళ్లో ముసలి అత్తమామలు కూడా దాని మీదే బతకాలి. అందుకే చాలా ఇళ్లలో కోడలు ఇక్కడ బియ్యం కొనుక్కుంటుంది, కార్డు బియ్యం అక్కడ వాళ్లకు వదిలేస్తుంది. ఇది నేను ఏ ఫారంలోనూ అడగలేదు, అన్న చెప్పకపోతే నాకు తట్టేదే కాదు.

అంగన్‌వాడీ టీచరమ్మకు, తన సెలవు రోజు నాతో ఇల్లిల్లూ తిరిగినందుకు. బిల్డింగులు లేని ఖాళీ ప్లాట్లలో గంగవాయిలి కూర, పొన్నగంటి, వినాయక చవితికి తుమ్మికూర ఎక్కడెక్కడ దొరుకుతాయో చూపించిన ముగ్గురు అక్కలకు. కొనకుండా దొరికే కూర అదొక్కటే అని, ఆ ప్లాటు చుట్టూ గోడ కడితే అదీ పోతుందని వాళ్లు అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఫోన్ రికార్డింగుల్లో నాకు అర్థం కాని మాటలన్నీ ఓపిగ్గా విడమర్చిన నారాయణపేట స్నేహితురాలికి కూడా.

చివరగా ఈ పోస్ట్ చదువుతున్న వాళ్లలో ఒకరికి. గోధుమలు కలవకుండా జొన్నలు విడిగా పట్టే పిండి గిర్ని ఎక్కడుందో నాకు మెసేజ్ పెట్టారు. ఆ అడ్రసు పెద్దమ్మకు చెప్పాను. దసరాకు ఊరికెళ్లి తెచ్చుకున్న జొన్నల మూట ఆమె గదిలో ఇంకా సగం ఉంది. వచ్చే ఆదివారం పనికి పోనని చెప్పింది, పిండి పట్టిస్తుంది, నేను నా రిపోర్టు తెలుగులో రాసింది పట్టుకెళ్లి మొత్తం చదివి వినిపించాలి. తప్పులుంటే అప్పుడే చెబుతానంది.