లారీకి ఎడమ పక్క

హైదరాబాద్,
ఆదివారం, ఉదయం.

చిరంజీవి చిట్టితల్లికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

గురువారం రాత్రి నువ్వు అమ్మతో ఫోనులో చెప్పిన సంగతి అమ్మ నాకు మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ చెప్పేసింది. ఆఫీసుకు వెళ్తుంటే కంకర టిప్పర్ ఒకటి నీ భుజానికి జానెడు దూరం నుంచి దూసుకుపోయిందనీ, దిగి ఫుట్‌పాత్ మీద కూర్చుని పది నిమిషాలు గడిస్తే గానీ మళ్లీ సైకిలెక్కలేకపోయావనీ, ఈ మాట నాన్న చెవిన వేయవద్దన్నావనీ చెప్పింది. అమ్మ మీద కోప్పడకు. ఎందుకు చెప్పవద్దన్నావో నాకు తెలుసు. కిందటేడు మేము లండన్ వచ్చినప్పుడు ఆ తెల్ల సైకిలు దగ్గర, నలుగురూ చూస్తుండగా నీ మీద అరిచాను కదా, దాని ఫలితమే ఇది. ఫోనులో మాట్లాడితే మళ్లీ గొంతు లేస్తుందేమోనని, కాగితం మీద అయితే తొందరపడకుండా చెప్పగలనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ సాయంత్రం ముగ్గురం నడిచి వెళ్తున్నాం. సిగ్నల్ స్తంభానికి గొలుసు వేసి కట్టిన సైకిలును దూరం నుంచి చూసి, ఎవరో పాత సైకిలుకు సరదాగా సున్నం కొట్టారనుకున్నాను. దగ్గరికి వస్తే టైర్లు, ఊచలు, సీటు, పెడళ్లు, చివరికి చైను కూడా తెల్లగానే ఉంది. రంగు గట్టిపడి చైను లింకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఏళ్ల తరబడి సైకిళ్లు విప్పి బిగించిన చెయ్యి ఊరుకోదు కనుక పెడల్ మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాను, కదలలేదు. హ్యాండిలుకు కట్టిన పూలు ఎండిపోయాయి గానీ, వాటికి చుట్టిన దుకాణం ప్లాస్టిక్ కాగితంలో మాత్రం వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. నువ్వు ఆ సీటును ఒక్కసారి తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నావు. ఆ మలుపులో సైకిలు మీద వెళ్తూ చనిపోయిన మనిషి గుర్తుగా దాన్ని కట్టారని చెప్పావు. తెలిసిన మనిషా అని అమ్మ అడిగితే, "కాదమ్మా, ఎప్పుడూ చూడలేదు. కానీ రోజూ నేను తిరిగే మలుపు ఇదే" అన్నావు.

ఆ మాట వినగానే నాకు ఒళ్లు తెలియలేదు. రేపటి నుంచి సైకిలు ముట్టుకుంటే నా మీద ఒట్టు అన్నాను, ఇంకా చాలా అన్నాను. నువ్వు ఒక్క మాటకూ బదులు చెప్పలేదు. విమానాశ్రయంలో కాళ్లకు దండం పెట్టేటప్పుడు కూడా నా ముఖం వైపు చూడలేదు. అప్పటి నుంచి నాకు చెప్పవలసిన విషయాలు అమ్మకు చెప్పడం అలవాటు చేసుకున్నావు. అలా అరిచినందుకు నన్ను క్షమించు తల్లీ. నేను ఆ రోజు చూసింది మీ వీధిలోని తెల్ల సైకిలును కాదు, ఇరవై ఏడేళ్ల కిందట నేను వదిలేసి వచ్చిన ఒక నల్ల సైకిలును.

సైకిల్ బాబాయ్ నీకు గుర్తున్నాడో లేదో. నీకప్పటికి నాలుగేళ్లు. ముందు బారు మీద చిన్న సీటు బిగించి, నిన్ను కూర్చోబెట్టుకుని, బెల్లు నీ చేత కొట్టిస్తూ వీధి చివరి దాకా తిప్పి తెచ్చేవాడు. మా ఫ్యాక్టరీలో అతను లేత్ మీద టర్నర్, నేను ఫిట్టర్‌ని. ఒకే బస్తీ నుంచి బాలానగర్ దాకా టిఫిన్ క్యారియర్లు హ్యాండిళ్లకు తగిలించుకుని ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసులు చక్రాల్లో గాలి తీసేసే రోజులు చూసినవాళ్లం కనుక, డైనమో పాడైతే వాడు ఆ పూట సైకిలు నడిపించుకుంటూనే వచ్చేవాడు, అంత జాగ్రత్త. అటువంటి మనిషి 1998 వానకాలంలో ఒక సాయంత్రం, నేను ఓవర్‌టైముకు ఉండిపోయిన రోజున, ఒక్కడే బయలుదేరాడు. బాలానగర్‌లోని నర్సాపూర్ చౌరస్తాలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆగి ఉన్న లారీకి ఎడమ పక్కన సందు కనిపిస్తే, సైకిలు తొక్కేవాళ్లందరం చేసే పనే చేశాడు: ఆ సందులో ముందుకు జరిగి ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాడు. దారి ఇవ్వగానే లారీ ఎడమకు తిరిగింది. ముందు చక్రం అతన్ని దాటిపోయింది. కానీ పొడవాటి బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. వాటి కింద పడ్డాడు.

మన లారీలకు క్లీనరు ఎందుకు ఉంటాడో ఎప్పుడైనా ఆలోచించావా? డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్కన టైరు దగ్గర మనిషి ఉన్నాడో కుక్కపిల్ల ఉందో అతనికి తెలియదు. తలుపులోంచి తల బయటపెట్టి, రేకు మీద అరచేత్తో కొడుతూ, రానీ రానీ అనీ ఆపమనీ చెప్పే క్లీనరే ఆ బండికి ఎడమ కన్ను. ఆ సాయంత్రం క్లీనరు కుర్రాడు టీ తేవడానికి దిగి ఇంకా ఎక్కలేదట. చుట్టూ జనం మూగారు గానీ పోలీసు కేసు భయానికి చాలాసేపు ఎవరూ లేపలేదు. చివరికి ఒక ఆటో అతను తీసుకెళ్లాడు. (గాయపడినవాళ్లకు సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2019 సవరణతో అది మోటారు వాహనాల చట్టంలోకి కూడా ఎక్కింది. ఈ సంగతి ఇప్పటికీ మన వీధిలో సగం మందికి తెలియదు. నేను కనిపించినవాళ్లందరికీ చెబుతున్నాను.)

పదోరోజున అతని భార్య ఏడుస్తుంటే, "రాసిపెట్టి ఉంది వదినా, మన చేతుల్లో ఏముంది" అన్నాను. అందరూ అదే అన్నారు. మీ బాబాయి సైకిలు కేసు సామాను కింద పోలీసు స్టేషన్ ఆవరణలో ఉండిపోయింది. ఏడాది పోయాక దాన్ని తెచ్చిపెట్టమని వదిన నన్ను అడిగింది. వెళ్లాను. పట్టుకొచ్చిన స్కూటర్ల గుట్ట పక్కన గోడకు ఆనించి ఉంది. వెనక చక్రం ఎనిమిది అంకెలా వంగిపోయింది, ఊచల మధ్యలోంచి ఏదో తీగ పాకింది, హ్యాండిలుకు క్యారియర్ తగిలించే కొక్కెం మాత్రం అలాగే ఉంది. ఆ కొక్కెం నేను చేసి ఇచ్చిందే. నేను దాన్ని తాకలేకపోయాను. ఇంటికి వచ్చి, ఎక్కడ వెతికినా కనబడలేదు వదినా అని అబద్ధం చెప్పాను. ఇంతవరకూ అమ్మకు కూడా ఈ సంగతి తెలియదు. మీ వీధిలో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు, చనిపోయిన మనిషి కోసం ఒక సైకిలు తెచ్చి, రంగు వేసి, చనిపోయిన చోటనే గొలుసు వేసి కట్టడం చూసేసరికి, నేను చేయకుండా వదిలేసిన పని నా ఎదుట నిలబడినట్టయింది. ఆ బాధ నీ మీద కోపంగా బయటికి వచ్చింది.

తిరిగి వచ్చాక ఈ విషయం గురించి దొరికిందల్లా చదివాను. అటువంటి సైకిలును మొదట 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పెట్టారట. అదే ఏడాది డాలస్‌లో, పక్కనుంచి వెళ్తున్న స్కూలు బస్సు అద్దం తగిలి ఒకాయన చనిపోతే, అతని స్నేహితుడు జనాన్ని కూడగట్టి, మాట లేకుండా, మెల్లగా, వరసగా సైకిళ్లు తొక్కించాడు. మే నెల మూడో బుధవారం నువ్వు నల్ల పట్టీ కట్టుకుని వెళ్లిన ఊరేగింపు అదేనని నాకిప్పుడు అర్థమైంది. ఆ ఫొటో పంపినప్పుడు నేను జవాబివ్వలేదు.

అన్నిటికంటే నన్ను నిలబెట్టి చదివించింది మీ ఊరి సంగతే. 2013 నవంబరులో రెండు వారాల్లో ఆరుగురు సైకిలు మీద వెళ్తూ లండన్ రోడ్ల మీద చనిపోయారు. ఆ ఏడాది మొత్తం 14 మంది పోతే, వారిలో 9 మంది పెద్ద లారీల వల్లనే పోయారు. అక్కడి డ్రైవరుకు మనలాగే సీటు కుడివైపు, బండ్లు నడిచేది ఎడమవైపు, కానీ లారీకి క్లీనరు లేడు. అంటే మా నర్సాపూర్ చౌరస్తాలో ఆ ఒక్క సాయంత్రం ఉన్న పరిస్థితి మీ దగ్గర ప్రతి లారీకీ ప్రతి రోజూ ఉండేదన్న మాట. ఆ నెల 29న వెయ్యిమందికి పైగా జనం నగర రవాణా సంస్థ కార్యాలయం ఎదుట, సైకిళ్లు పక్కన పడుకోబెట్టి, తామూ చలిలో రోడ్డు మీద పడుకున్నారు. వాళ్లలో ఎవరూ రాసిపెట్టి ఉంది అనుకోలేదు. మీ ఊళ్లోనే బో రౌండెబౌట్ అనే కూడలి దగ్గర 2011లో సైకిలు తొక్కేవాళ్లు ఇద్దరు పోతే, సైకిళ్లకు కొన్ని క్షణాల ముందే పచ్చ లైటు వచ్చేలా సిగ్నళ్లు మార్చారు. 2013లో అక్కడే మరొకరు పోయారు. ఆ తర్వాత ఆ దారిలో సైకిళ్ల కోసమని ఒట్టి నీలి రంగు పూసిన చోట, 2016 నాటికి గట్టు కట్టి సైకిళ్లను వేరు చేశారు. 2021 మార్చి నుంచి 12 టన్నులు దాటిన లారీ ఏదైనా, డ్రైవరు కిటికీలోంచి నేరుగా రోడ్డు ఎంత కనబడుతుందో కొలిపించుకుని, సున్నా నుంచి అయిదు దాకా నక్షత్రాలు వేయించుకుని, పర్మిట్ తీసుకుంటే తప్ప లండన్‌లో తిరగకూడదు. 2024 అక్టోబరు నుంచి మూడు నక్షత్రాలు రాని బండికి కెమెరాలు, సెన్సర్లు పెట్టి తీరాలి. మా లారీకి దిగిపోయిన క్లీనరును మీ వాళ్లు రోడ్డు మీద పడుకుని మళ్లీ ఎక్కించారు.

అందుకని ఆ రోజు పెట్టిన ఒట్టును వెనక్కి తీసుకుంటున్నాను. సైకిలు మానమని చెప్పే హక్కు, ముప్పై ఏళ్లు దాని మీదే అన్నం తిన్న నాకు లేదు. కానీ కెమెరా ఉన్న ప్రతి లారీలోనూ దాన్ని చూసే డ్రైవరు ఉంటాడని నమ్మవద్దు. లారీ ఆగి ఉంటే దాని ఎడమ పక్కకు వెళ్లవద్దు. నేల మీద సైకిళ్ల కోసం గీసిన గీత నిన్ను అటే తీసుకెళ్తున్నా సరే, ఆ గీతను నమ్మకుండా వెనకనే ఆగు. డ్రైవరు ముఖం అద్దంలో నీకు కనబడకపోతే నువ్వూ అతనికి కనబడనట్టే లెక్క. హెల్మెట్ పెట్టుకో, కింద పడితే తలను కాస్తుంది, కానీ లారీ చక్రానికి హెల్మెట్ అడ్డం కాదు కనుక దాని మీద ధైర్యం పెట్టుకోకు. ఆగి ఉన్న కార్ల పక్కన పోయేటప్పుడు తలుపు తెరిచినా తగలనంత ఎడం ఉంచు. ఇరుకు వీధిలో అంచుకు నక్కవద్దు, నీ లేన్ నడిమధ్యన తొక్కు. 2022లో మార్చిన మీ రోడ్డు నియమావళి ఆ మాట రాసి మరీ చెబుతోంది, వెనక వచ్చే కారు సైకిలును దాటాలంటే కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. హారను కొట్టినవాడు కొట్టుకోనీ. ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైతే అవుతుంది.

నిన్న సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు బాలానగర్ వెళ్లాను. 2021లో వచ్చిన ఫ్లైఓవర్ కింద చౌరస్తా గుర్తుపట్టలేనట్టు మారిపోయింది, మీ బాబాయి పడిన చోటు ఇదీ అని చెప్పడానికి వీల్లేదు. అరగంట నిలబడి సైకిళ్లు లెక్కపెట్టాను. పదకొండు. తొక్కుతున్నవాళ్లంతా వాచ్‌మెన్లో, పనికోసం పై రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లో. ఒక్కరికీ వెనక ఎర్ర దీపం లేదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి కట్టి, దాని మీద సోలార్ పలకలతో కప్పు వేశారు, మంచిదే. కానీ వీళ్ల దారి అది కాదు. 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క చెబుతోంది. వాళ్లలో ఇటువంటివాళ్లు పడిన చోట ఒక్క పూవైనా పెట్టేవాళ్లు కనబడరు. నా పింఛనులోంచి మొదటి విడతగా ఇరవై ఎర్ర రిఫ్లెక్టర్లు కొన్నాను. మడ్‌గార్డుకు బిగించడానికి ఒక స్పానరు, రెండు నిమిషాలు చాలు. వచ్చే శనివారం అక్కడే నిలబడి, ఆగినవాళ్లకు బిగిస్తాను.

రేపు వదిన దగ్గరికి వెళ్తున్నాను. సైకిలు నాకు కనబడిందనీ, తేలేకపోయాననీ చెప్పాలి. ఏమంటుందో తెలియదు. నవంబరు మూడో ఆదివారం రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లను తలుచుకునే రోజట. ఆమె వస్తానంటే చౌరస్తాకు తీసుకెళ్తాను.

నువ్వు ఒక పని చెయ్యి. ఇంటి నుంచి ఆఫీసు దాకా నీ దారి మొత్తం ఒక కాగితం మీద గీసి, ఫొటో తీసి నాకు పంపు, అమ్మకు కాదు. వీధుల పేర్లు తెలుగులో రాయి, నాకు చదువుకోవడానికి తేలికగా ఉంటుంది. ఆ తెల్ల సైకిలు ఉన్న మలుపు ఎక్కడో చూపించు. లారీలు ఎడమకు తిరిగే చోటల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టు.

ఇట్లు,
మీ నాన్న.