థీసిస్ రాసేవాళ్లకు ఒక గది ఇప్పించండి

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఇప్పుడు థీసిస్ ఇంగ్లిషులో. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్ల నుంచి పీహెచ్‌డీ దాకా వెళ్లినవాళ్లలో చాలామందిది ఇదే దారి. సబ్జెక్టు రాక కాదు మేం ఆగిపోయేది, తెలిసింది కాగితం మీద పెట్టలేక.

నా రెండో అధ్యాయం ఎనిమిది నెలలు కదల్లేదు. 1936లో ఒడిశా ప్రావిన్సు ఏర్పడ్డాక ఈ సరిహద్దు ఊళ్లలో చదువులు ఎలా మారాయన్నది అందులో విషయం. పంపిన ప్రతిసారీ "ఇంకా బాగా రాయమ్మా" అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చేది. మా గైడుగారిని తప్పుపట్టను. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసరు దగ్గర ఎనిమిది మంది దాకా పరిశోధకులు ఉండొచ్చు. అందరి చిత్తుప్రతులూ వాక్యం వాక్యం చదవడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

పోయిన వేసవిలో నలుగురం కలిశాం. నాది చరిత్ర, మిగతావాళ్లవి కెమిస్ట్రీ, కామర్స్, వృక్షశాస్త్రం. ఆదివారం సాయంత్రం మా మేడ మీద కూర్చుంటాం. వారానికొకరు రాసినవి మూడే పేజీలు, మిగతావాళ్లం చదువుతాం. రాసినవాళ్లు సంజాయిషీ చెప్పకూడదు, అడిగితేనే మాట్లాడాలి. చదివినవాళ్లు గ్రామరు జోలికి పోకుండా ముందు తమకేం అర్థమైందో చెప్పాలి. మొదటి వారం నా పేజీలు చదివి కెమిస్ట్రీ అమ్మాయి "ఇంతకీ ఏమంటున్నావే?" అని అడిగింది. తెలుగులో చెప్పాను, రెండు నిమిషాలు పట్టింది. "మరి అదే రాయొచ్చుగా!" అంది. ఆ మాటలే ఇప్పుడు అధ్యాయానికి మొదటి పేరా. మాట్లాడే భాషకీ రాసే భాషకీ ఉన్న దూరం మీద పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో, ఆ దూరం ఎంతో నాకు ఆ రోజు తెలిసింది.

ఇంకొకటి చెప్పాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటితే థీసిస్ వెనక్కి వస్తుంది, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పీహెచ్‌డీ మొదట్లో చెప్పే పాఠాల్లో (కోర్సువర్కులో) ఈ శిక్షలన్నీ చెప్పారు. ఒకరి వాదాన్ని సొంత మాటల్లో ఎలా తిరగరాయాలో మాత్రం ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పలేదు. కాపీ కొట్టేవాళ్లంతా దురుద్దేశంతో కొట్టరు. సొంతంగా ఇంగ్లిషు వాక్యం కట్టడానికి జంకి, అచ్చులో ఉన్న వాక్యాన్నే పట్టుకుంటారు. ఆ జంకు తోటివాళ్ల ముందు పోయినంత తేలిగ్గా గురువు ముందు పోదు.

చూపిస్తే మన ఆలోచన ఎత్తుకుపోతారని కొందరి భయం. అందుకే వేర్వేరు శాఖలవాళ్లు కలవడం మేలు. చరిత్ర అధ్యాయాన్ని కెమిస్ట్రీవాళ్లు ఏం చేసుకుంటారు?

బరంపురంలోనూ కోరాపుట్‌లోనూ విశ్వవిద్యాలయాలున్నాయి. వాటి పెద్దలకు మీ పత్రిక ద్వారా మా విన్నపం ఒక్కటే. లైబ్రరీలో ఒక గది, వారానికి రెండు గంటలు, అన్ని శాఖల పరిశోధకులకూ. నోటీసుబోర్డులో ఒక కాగితం అంటిస్తే చాలు, కొత్త పోస్టులూ నిధులూ అక్కర్లేదు. పర్లాకిమిడి నుంచి మేం నలుగురం వచ్చి మొదటి నెల కూర్చుంటాం, పద్ధతి చూపిస్తాం.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా