బోరింగు ఒకరిది, మరుగుదొడ్డి మరొకరిది

సంపాదకులకు నమస్కారం.

శరణార్థి శిబిరాలకు విరాళం ఇవ్వాలనుకునేవాళ్ల కోసం మీ ఆదివారం పేజీల్లో వచ్చిన వ్యాసం చదివాను. మంచి మనసుతో రాసిందే. కానీ అందులో ఒక సలహా నాకు మింగుడుపడలేదు. ఆఫీసు ఖర్చు తక్కువ చూపించే సంస్థనే ఎంచుకోవాలట, మనమిచ్చే ప్రతి పైసా నేరుగా శరణార్థికే చేరాలట. నేను నీటి సరఫరా ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ శిబిరంలోనూ ఉద్యోగం చేయలేదు గానీ, మంచినీళ్లు, మురుగు ఒకదాన్నొకటి తాకితే ఏమవుతుందో బాగా తెలిసినవాణ్ణి. అందుకే ఈ ఉత్తరం.

2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు వచ్చారు. వాళ్లలో ఎక్కువ మంది మొదటి కొద్ది నెలల్లోనే వచ్చిపడ్డారు. ముందు దాహం తీర్చాలి కదా, ఎవరికి తోచిన చోట వాళ్లు బోరింగులు దింపారు. అంతే ఆత్రంగా మరికొందరు మరుగుదొడ్లు కట్టారు. చాలాచోట్ల రెండూ పక్కపక్కనే లేచాయి. భూగర్భజలం తోడే చోటికీ మరుగుదొడ్డి గుంటకూ మధ్య కనీసం 30 మీటర్లు ఉండాలని మా వృత్తిలో మొదట్లోనే నేర్పుతారు. అక్కడ పది మీటర్లు కూడా లేని చోట్లున్నాయి. తర్వాత నీళ్లు పరీక్షిస్తే మలంలోని క్రిములు కనిపించాయి. లోతు చాలని బోర్లు కొన్ని త్వరలోనే ఎండిపోయాయి. గుంటలు నిండాయి, తోడి ఎక్కడ పొయ్యాలన్నది ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు మీ వ్యాసం కొలతతో చూద్దాం. ఒక సంస్థ ఇన్ని బోరింగులు వేశామని లెక్క చెబుతుంది. ఇంకో సంస్థ ఇన్ని దొడ్లు కట్టామని చెబుతుంది. ఇద్దరి డబ్బూ నేరుగా శరణార్థికే చేరింది, ఇద్దరికీ నూటికి నూరు మార్కులు. ఆ రెండింటి మధ్య టేపు పట్టుకుని నిలబడి "ఇక్కడ వద్దు, అవతలికి జరపండి" అనాల్సిన మనిషి ఒకడుంటాడు. అతని జీతమే మీరు తగ్గించమన్న ఆఫీసు ఖర్చు.

వంట చెరకు సంగతి ఇంకా చిత్రం. బియ్యం, పప్పు ఒక సంస్థ ఇచ్చింది. వాటిని దేనితో వండుకోవాలి? ఆ ప్రశ్న మొదట్లో ఎవరి పద్దులోనూ లేదు. దాంతో ఆడవాళ్లు, పిల్లలు పక్కనున్న అడవికి వెళ్లి కట్టెలు కొట్టుకొచ్చారు. ఏనుగులు తిరిగే అడవి అది, కొందరి ప్రాణాలూ పోయాయి. చెట్లు పోయిన కొండవాలు మీదే గుడిసెలు, వానొస్తే మట్టి జారిపడుతుందని భయం. అడవి మీద ఆధారపడ్డ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కోపం. చివరికి 2018లో సంస్థలు కలిసి గ్యాస్ సిలిండర్లు ఇవ్వడం మొదలుపెట్టాక కట్టెల కోసం వెళ్లడం బాగా తగ్గింది, కొండల మీద పచ్చదనం మళ్లీ కనిపించింది. తిండి, అడవి, ఆడవాళ్ల భద్రత, ఊరివాళ్లతో సఖ్యత అని నాలుగు శాఖలుగా రాసుకున్నవన్నీ ఒక్క పొయ్యి దగ్గర కలిశాయి.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతీ కాదు. 1994 జులైలో రువాండా నుంచి లక్షల మంది కొద్ది రోజుల్లోనే సరిహద్దు దాటి గోమా పరిసరాలకు, అప్పటి జైర్ (ఇప్పటి కాంగో)లోకి, చేరారు. అక్కడ నేలంతా లావా గడ్డకట్టిన రాయి. గుంట తవ్వాలన్నా, బావి తవ్వాలన్నా గునపం దిగదు. పక్కనే కివు సరస్సు, అందరూ ఆ నీళ్లే తాగారు. కలరా, రక్తవిరేచనాలతో మొదటి నెలలోనే సుమారు 50,000 మంది చనిపోయారని అంచనా. సంస్థలకు లోటు లేదు, వందకు పైగా వచ్చాయి. వాటిలో ఏది ఎక్కడ ఏం చేస్తోందో మిగతావాటికి సరిగా తెలియదు. ఎవరికి వారే యమునా తీరే.

ఆ దెబ్బ తర్వాతే 1997లో స్వచ్ఛంద సంస్థలు, రెడ్‌క్రాస్ ఉద్యమం కలిసి 'స్ఫియర్' పేరుతో కనీస ప్రమాణాల పని మొదలుపెట్టాయి. మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు, ఒక కుళాయికి 250 మందికి మించకుండా, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, తలదాచుకోవడానికి మనిషికి మూడున్నర చదరపు మీటర్లు. పదిహేను లీటర్లంటే తాగడం, వండటం, ఒళ్లు కడుక్కోవడం అన్నీ కలిపి ఒక బకెట్టు! అయినా అంకెంటూ ఒకటి ఉండటం మంచిదే. చిక్కేమిటంటే, శిబిరం మొత్తానికి సగటు తీస్తే పదిహేను లీటర్లూ కనిపిస్తాయి. రోడ్డు పక్క బ్లాకులో ముప్పై, కొండ మీద బ్లాకులో ఐదు ఉన్నా సగటు బాగానే వస్తుంది. లారీ ఆగే చోటే సాయమూ ఆగుతుంది. ఏ బ్లాకులో ఎవరు ఏం చేస్తున్నారో ఒకే పట్టికలోకి ఎక్కించి ఖాళీగా మిగిలిన గడులను చూపించడం సమన్వయకర్త చేసే పనుల్లో అన్నింటికన్నా చప్పనిది, అన్నింటికన్నా పనికొచ్చేదీ అదే.

ఇంతకీ పెద్దరికం ఎవరిది? ఏ దేశం గడ్డ మీద శిబిరం ఉందో ఆ ప్రభుత్వానిదే మొదటి బాధ్యత. శరణార్థుల విషయంలో ఐక్యరాజ్యసమితి తరఫున మామూలుగా దాని శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ ముందుండాలి, 1951 నుంచీ అది చేస్తున్న పనే. అదే జనం సొంత దేశం దాటకుండా నిర్వాసితులైతే 2005లో వచ్చిన 'క్లస్టర్' పద్ధతి. అంటే నీళ్లు, పారిశుధ్యం యూనిసెఫ్ చూసుకుంటుంది, ఆరోగ్యం డబ్ల్యూహెచ్‌వో చూసుకుంటుంది, అలా. కాక్స్ బజార్‌లో ఈ రెండూ కాకుండా పోయింది. బంగ్లాదేశ్ 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు. వచ్చినవాళ్లను శరణార్థులు అనకుండా 'బలవంతంగా నిర్వాసితులైన మయన్మార్ పౌరులు' అంది. అందుకని మొదట్లో సమన్వయం వలసల సంస్థ ఐఓఎం చేతికి వెళ్లింది, తర్వాత ఐఓఎం, యూఎన్‌హెచ్‌సీఆర్ పెద్దరికాన్ని పంచుకున్నాయి. పేరులో ఏముంది అంటారు గానీ, ఎవరిని ఎవరు అడగాలన్నది ఆ పేరు మీదే తేలిపోయింది.

సమన్వయం అంటే మీటింగులే కదా అని మీ పాఠకులు కొందరు అనొచ్చు. వాళ్లన్నదాంట్లో నిజం ఉంది. పదిమంది చేరితే పాము చావదని ఊరికే అనలేదు. 2010లో హైతీ భూకంపం తర్వాత సమన్వయ సమావేశాలు ఐక్యరాజ్యసమితి స్థావరంలో గేటు లోపల, ఇంగ్లిష్‌లో జరిగాయి. ఆ దేశం మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచ్. సొంత మనుషుల కోసం పనిచేస్తున్న స్థానిక సంస్థలవాళ్లకు లోపలికి రావడమే కష్టమైంది, వచ్చినా మాట అర్థమయ్యేది కాదు. అలాంటి మీటింగులకు ఖర్చు పెట్టమని నేను అనను. శిబిరంలో ఉంటున్నవాళ్లు లేని మీటింగు, వాళ్ల భాషలో జరగని మీటింగు నా లెక్కలో మీటింగే కాదు.

అయితే వాళ్ల తరఫున ఎవరు కూర్చుంటారన్నది ఇంకో పేచీ. గోమాలో సాయం పంచడానికి చేతికి దొరికిన నాయకులనే వాడుకున్నారు. ఆ నాయకుల్లో చాలామంది రువాండాలో మారణకాండ నడిపించిన పాత ప్రభుత్వం మనుషులు, సైనికులు, మిలీషియావాళ్లు. మనుషుల సంఖ్య ఎక్కువ చెప్పి, మిగిలిన రేషన్ తమ బలం పెంచుకోవడానికి వాడుకున్నారు. తట్టుకోలేక వైద్య సంస్థ ఎంఎస్ఎఫ్ ఫ్రాన్స్ విభాగం 1994 నవంబరులో బయటికి వచ్చేసింది. కాక్స్ బజార్‌లో 'మాఝీ'లనే పెద్దల పద్ధతి వచ్చింది. వాళ్లు ఎన్నికైనవాళ్లు కారు, అధికారులు పెట్టినవాళ్లు. సాయం చీటీ ఇప్పించడానికి డబ్బులు అడిగారని ఫిర్యాదులొచ్చాయి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదు. కాకపోతే విధవరాలికి, ఒంటరి ముసలివాళ్లకు, ఇంటి పెద్ద లేని పిల్లలకు కడపంక్తి కూడా దక్కదు. పంచే జాబితాను నాయకుడి చేతిలోంచి తీసి, ఇంటింటికీ తిరిగి సరిచూసేవాళ్లను పెట్టాలంటే వాళ్లకూ జీతాలివ్వాలి.

జాబితాల దగ్గర ఇంకో మాట. అందరి పేర్లూ ఒకేచోట ఉంటే ఒకే తల్లి నాలుగు సంస్థల ముందు నాలుగు క్యూల్లో నిలబడక్కర్లేదు. జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో 2016 నుంచి దుకాణంలో కంటిపాప చూపించి సరుకులు తీసుకునే ఏర్పాటు కూడా వచ్చింది. వినడానికి హాయిగా ఉంది. కానీ ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్ల జాబితా ఎవరి చేతిలో పడుతుందన్నది చిన్న విషయం కాదు. రోహింగ్యాల వివరాలు వాళ్లకు సరిగా చెప్పకుండానే బంగ్లాదేశ్ ద్వారా మయన్మార్‌కు వెళ్లాయని 2021లో మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ ఆరోపించింది. తాము వివరించి ఒప్పుకోలు తీసుకున్నామని యూఎన్‌హెచ్‌సీఆర్ జవాబిచ్చింది. ఎవరు చెప్పింది ఎంత నిజమో నేను తేల్చలేను. నేనైతే క్యూ పొడుగైనా సరే, దేనికి వాడతారో చెప్పని చోట వేలిముద్ర వెయ్యను.

డబ్బే తక్కువగా ఉన్నప్పుడు సమన్వయానికి ఎక్కడిదని అడుగుతారు. కొరత నిజమే. 2023లో కాక్స్ బజార్‌లో మనిషికి నెలకు 12 డాలర్లున్న తిండి సాయం మార్చిలో 10కి, జూన్‌లో 8కి పడిపోయింది, తర్వాతి ఏడాది గానీ తేరుకోలేదు. 2025లో యూఎన్‌హెచ్‌సీఆర్ సుమారు 3,500 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. సమన్వయమే పనిగా ఉన్న ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఓచా కూడా సిబ్బందిలో దాదాపు ఐదో వంతు తగ్గించుకుంటామని చెప్పింది. ఆకలితో ఉన్న మనిషి ముందు నిలబడి జీతాల గురించి మాట్లాడటం నాకూ ఇబ్బందిగానే ఉంది. అయినా ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఒకే బ్లాకులో మూడు బోర్లు వేసి, పై బ్లాకును ఎండబెట్టడం మరీ ఇబ్బంది.

మీ వ్యాసం చివర సంస్థల పట్టిక ఒకటి వేశారు. అందులో ఆఫీసు ఖర్చు శాతానికి ఒక గడి ఉంది. ఆ గడిని తీసేయమనను. మళ్లీ వేసేటప్పుడు దాని పక్కన ఇంకో గడి చేర్చండి: ఇదే పని ఆ శిబిరంలో ఇంకెవరు చేస్తున్నారు, ఈ సంస్థ వాళ్లతో కలిసి ప్లాన్ వేసుకుంటోందా? సంస్థలకు ఫోన్ చేసి అడగండి. జవాబు ఇవ్వనివాళ్ల గడి ఖాళీగానే అచ్చువేయండి.

ఇట్లు,
రిటైర్డ్ నీటి సరఫరా ఇంజినీరు, మీ పాఠకుడు