పేరు పోయినా సంతకం ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

పాత ఫైళ్లు తెరుచుకోకపోతే పాడైపోయాయని పారేసేవాళ్లకు ఈ ఉత్తరం. నేనూ ఆ పనే చేయబోయాను. మా నాన్నగారి పాత డిస్కులో పేరు చివర ఏ ఎక్స్‌టెన్షనూ (ఫైలు ఏ రకానిదో చెప్పే .doc లాంటి తోక) లేని ఫైళ్లు నలభై దాకా దొరికాయి. దేన్ని నొక్కినా ‘తెరవలేను’ అనే జవాబే.

చివరికి ఫైలులోని బైట్లను ఉన్నవున్నట్టుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి మొదటి బైట్లు చూశాను. ఫైలు ఏ రకానిదో చెప్పే గుర్తు సాధారణంగా అక్కడే ఉంటుంది, దాన్నే సంతకం అంటారు. చాలావాటిలో డి0 సిఎఫ్ 11 ఇ0 అని ఉంది. ఇంగ్లిష్‌లో D0CF11E0 అని రాస్తే అది ‘డాక్‌ఫైల్’ అన్నట్టు కనిపిస్తుంది, చేసినవాళ్ల చిలిపితనం! అయితే 97 నుంచి 2003 దాకా వచ్చిన వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ మూడింటికీ ఇదే సంతకం. కాబట్టి ఏది ఏదో తేల్చడానికి ఇంకాస్త లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ‘పీకే’తో మొదలైనవి జిప్ ఫైళ్లు. ఆ రెండక్షరాలు జిప్‌ను తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోవే. ఇప్పటి వర్డ్ దాచే డాక్స్ ఫైలు కూడా లోపల జిప్పే కనుక దానికీ అవే ఉంటాయి.

ఒకటి మాత్రం రెండు రోజులు ఏడిపించింది. మొదట్లో ‘రిఫ్’ అని చూసి వీడియో అనుకున్నాను, కానీ ఆ గుర్తు ఆడియో ఫైళ్లకూ ఉంటుంది. మొదటి ఎనిమిది బైట్లు దాటాక ‘వేవ్’ అని ఉంది, అంటే ఆడియో. తీరా వింటే నాన్న గొంతు.

మామూలు టెక్స్ట్ ఫైలుకు మాత్రం ఇలాంటి సంతకం ఉండదు, దాన్ని చదివే పోల్చుకోవాలి. మీ కంప్యూటర్ పేజీలో ఇలాంటి సంతకాల పట్టిక ఒకటి వేయండి.

- ఒక పాఠకురాలు