వెనక సీటు సంగతి కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం సంచికలో కొత్త మోటారు సైకిళ్లపై వచ్చే సమీక్షలను కొన్నేళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. ఇంజిన్ ఎన్ని సీసీలు, లీటరు పెట్రోలుకు ఎంత దూరం వస్తుంది, వంద కిలోమీటర్ల వేగంలో బండి ఎంత నిలకడగా ఉంటుంది, గంటల తరబడి నడిపితే చేతులకు, నడుముకు ఎలా ఉంటుంది అన్నవన్నీ వాటిలో వివరంగా ఉంటాయి. వెనక కూర్చునేవారి గురించి మాత్రం చివర్లో ఒక్క వాక్యం ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. ఇరవై రెండేళ్లుగా మావారి వెనక కూర్చుని ప్రయాణం చేస్తున్నదాన్ని కనుక, దూరప్రయాణాల బండ్లలో ఆ రెండో సీటుకు జరుగుతున్న అన్యాయం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

గత కార్తీక మాసంలో మేమిద్దరం వనస్థలిపురం నుంచి శ్రీశైలం వెళ్లాం. బండి కొని అప్పటికి మూడు నెలలు. 350 సీసీ బండి, దూరప్రయాణాలకే చేసినదని చెప్పి అమ్మారు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు దాటేవరకు తెల్లవారుజాము చల్లగాలిలో హాయిగానే ఉంది. డిండి చేరేసరికి కుడి తొడ తిమ్మిరెక్కి, చాయ్ తాగడానికి దిగినప్పుడు కాలు నేలమీద ఆనించలేక మావారి భుజం పట్టుకుని నిలబడ్డాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ అడవిలోకి ప్రవేశించాక, ఒక ఊరి దగ్గర చెట్ల నీడలో రంగు వేయని స్పీడ్‌ బ్రేకర్ ఉంది. ఆయనకు అది చివరి క్షణంలో కనబడింది, కాళ్లమీద బరువు వేసి కొద్దిగా లేచారు. నాకు కనబడింది ఆయన హెల్మెట్ మాత్రమే. సీటుమీద నుంచి ఎగిరి, తిరిగి పడినప్పుడు వెన్నెముక చివర మెరుపు మెరిసినట్టయింది. ఈగలపెంట దాటి డ్యాం వైపు దిగే మలుపుల్లో ప్రతి బ్రేకుకూ నేను ముందుకు జారి ఆయన వీపుకు తగలడం, మా హెల్మెట్లు రెండూ ఢీకొనడం, నేను మళ్లీ వెనక్కి జరగడం, ఇదే పని. ఆ రోజు మల్లన్న దర్శనానికి క్యూలో రెండు గంటలు నిలబడటమే నాకు విశ్రాంతిగా తోచింది. ఇంటికి వచ్చాక డాక్టరుగారు చూసి వెన్నెముక చివరి ఎముక దగ్గర బాగా కమిలిందని చెప్పారు. ఐదు వారాలపాటు మధ్యలో రంధ్రం ఉన్న దిండు వేసుకుని తప్ప కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఇది నా ఒంటి బలహీనత అనే మొదట అనుకున్నాను. ఇంట్లో అందరూ అలాగే అన్నారు. కానీ కారణాలు వెతకడం మొదలుపెట్టాక, తప్పు నా వయసుది కాదని, బండి అమరికలోనే ఉందని అర్థమైంది. నడిపేవారు రెండు చక్రాల నడుమ కూర్చుంటారు. వెనక కూర్చునేవారు ఇంచుమించు వెనక చక్రం ఇరుసుకు పైన కూర్చుంటారు. గుంట మీద చక్రం లేచినప్పుడు మధ్యలో ఉన్నవారికి తగిలే కుదుపు కంటే చక్రం నెత్తిన ఉన్నవారికి తగిలే కుదుపు ఎక్కువ. పైగా ముందున్నవారికి రోడ్డు కనబడుతుంది, హ్యాండిల్ ఆసరా ఉంటుంది, కాళ్ల కింద గట్టి ఫుట్‌రెస్టులు ఉంటాయి కనుక గుంట రాకముందే ఒళ్లు సిద్ధం చేసుకుంటారు. వెనకవారికి ఆ ముందస్తు కబురు ఉండదు. ఇన్ని ఇబ్బందులున్న చోటికే కంపెనీలు సన్నటి సీటును, పల్చటి ఫోమ్‌ను కేటాయిస్తున్నాయి. ముందు సీటు వెడల్పుగా, లోతుగా ఉంటే వెనక సీటు దానికంటే ఎత్తుగా, ముందుకు వాలి ఉంటుంది. ఆ వాలు చూడటానికి అందంగా ఉండవచ్చుగానీ, బ్రేకు వేసిన ప్రతిసారీ వెనక మనిషి జారేది దానివల్లనే. జారిన మనిషి బరువు నడిపేవారి వీపుమీద, మణికట్టుమీద పడుతుంది. అందుకే వెనక సీటు సౌకర్యాన్ని విలాసంగా కాక ఇద్దరి భద్రతగా చూడాలని కోరుతున్నాను.

ఇందులో కొంత భాగం పైసా ఖర్చు లేకుండా సరిదిద్దుకోవచ్చని తర్వాత తెలిసింది. మా కాలనీలో చెట్టుకింద పనిచేసే మెకానిక్ బండి వెనక షాక్ అబ్జార్బర్లను చూపించి, కింద మెట్లు మెట్లుగా ఉన్న రింగును తిప్పవచ్చని చెప్పాడు. మా బండిలో అలాంటి మెట్లు ఆరు ఉన్నాయి. షోరూమ్ నుంచి వచ్చింది మొదటి మెట్టు మీద, అంటే ఒక్క మనిషి బరువుకు సరిపడేలా. మేము శ్రీశైలం వెళ్లినప్పుడు నా బరువుకు తోడు పదిహేను కిలోల సామాను కూడా ఉంది. స్ప్రింగు ముందే సగం కుంగిపోయి ఉంటే ఇక గుంట దగ్గర కుదుపును మింగుకోవడానికి దానికి చోటెక్కడిది? బండి వెనక భాగం అలా కుంగితే హెడ్‌లైటు వెలుగు పైకి లేచి ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుందని, ముందు చక్రం తేలికైపోతుందని కూడా అతనే వివరించాడు. టూల్‌కిట్‌లో వచ్చే కొక్కెంలాంటి పానాతో రెండు నిమిషాల్లో రింగును నాలుగో మెట్టుకు తిప్పాడు. ఇక గాలి సంగతి. ఒక్కరు వెళ్లేటప్పుడు ఎంత, ఇద్దరు వెళ్లేటప్పుడు ఎంత అని వెనక చక్రానికి రెండు వేరువేరు అంకెలు బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉన్నాయి. ఆ పుస్తకం ఇంగ్లిషులో, చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. మూడు నెలలపాటు మేము దాన్ని తెరవలేదన్నది మా పొరపాటే. అయినా లక్షల రూపాయలు తీసుకుని బండి అప్పగించేటప్పుడు ఈ రెండు మాటలు తెలుగులో చెప్పడానికి షోరూమ్ వారికి ఎంత సమయం పడుతుంది?

సీటు మాత్రం రింగు తిప్పితే బాగయ్యేది కాదు. పుత్లీబౌలిలో సీట్లు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన సీటు విప్పి, రెగ్జిన్ ఒలిచి, ఫోమ్ మీద బొటనవేలితో నొక్కాడు. వేలు కింద రేకు దాకా దిగింది. తర్వాత తలెత్తి, "వెనకాల కూర్చునేది ఎవరమ్మా?" అని అడిగాడు. ఈ బండి కోసం మేము తిరిగిన నాలుగు షోరూముల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మావారిని బండి ఎక్కించి, దింపి, హ్యాండిల్ అందుతోందో లేదో చూశారు. నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు. ఈ పెద్దాయన నన్ను విప్పిన సీటుమీద కూర్చోమని, ఎక్కడ ఎముక తగులుతోందో చెప్పమని, అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. ముందు అంచున అరంగుళం ఎత్తు కలిపి వాలు తగ్గించాడు. మెత్తటిది వేస్తే హాయిగా ఉంటుందని నేను అనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. మెత్తటి ఫోమ్ మొదటి అరగంటే సుఖమని, తర్వాత అణిగిపోయి ఎముక రేకుకు తగులుతుందని చెప్పి, కింద గట్టి ఫోమ్, పైన పల్చగా మెత్తటిది వేసి అతికించి కుట్టాడు. ఆ తర్వాత నాగార్జునసాగర్ వెళ్లి అదే రోజు తిరిగి వచ్చాం. నొప్పి బొత్తిగా లేదనలేనుగానీ, బండి దిగి ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచాను.

చట్టం వెనక సీటును మరచిపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం, రెండో మనిషి కూర్చునే వీలున్న ప్రతి మోటారు సైకిలుకూ పట్టుకోవడానికి శాశ్వతమైన పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని చెబుతోంది. మనం చీర గార్డు అని పిలిచేది అదే. దాని విలువ చున్నీనో, పైట కొంగునో చక్రం లాక్కున్న ప్రమాదాన్ని ఒక్కసారి చూసినవారికి తెలుస్తుంది. కొత్త బండి కొన్న మర్నాడే, అందం చెడుతోందని ఆ గార్డును విప్పించేస్తున్న కుర్రవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. రేపు ఆ సీటుమీద కూర్చునేది వాళ్ల అమ్మో, అక్కచెల్లెళ్లో. ఇక ఆ నియమం పిడి ఉండాలని చెబుతుందిగానీ, అది చేతికి సుఖంగా అందుతుందో లేదో కొనేటప్పుడు మనమే చూసుకోవాలి. నా బండిలో పిడి సీటు కింద, బాగా వెనక్కి ఉంది. దాన్ని పట్టుకుని అరగంట కూర్చుంటే భుజాలు వెనక్కి విరిచి కట్టినట్టు ఉంటుంది.

చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే అలవాటు గురించి తోటి మహిళలతో ఒక మాట. నేనూ పదిహేనేళ్లు అలాగే కూర్చున్నాను. ఊళ్లో అయిదు కిలోమీటర్లకు పెద్దగా తెలియదుగానీ, దూరప్రయాణంలో నడుము ఒకవైపు మెలితిరిగి ఉంటుంది, బరువంతా ఒక తుంటిమీదే పడుతుంది, బండి తూకం కూడా ఒక పక్కకు లాగుతుంది. దూరం వెళ్లేటప్పుడు సల్వారో ప్యాంటో వేసుకుని, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవడం మొదలుపెట్టాక నాకు ఎంతో తేడా తెలిసింది. ఇంట్లో పెద్దవాళ్లకు మొదట నచ్చలేదు. వైద్యుడి చీటీ చూశాక మా అత్తగారే ప్యాంటు కొనుక్కోమన్నారు. హెల్మెట్ విషయమూ ఇంతే. మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ ఇద్దరికీ వర్తిస్తుంది. అయినా ముందు మనిషికి నాలుగు వేలది, వెనక మనిషికి పోలీసు కోసం రోడ్డుపక్క కొన్న సగం టోపీ అన్నట్టుగా చాలా ఇళ్లలో నడుస్తోంది. తలలు రెండూ ఒకే రోడ్డుమీద పడతాయి కదా.

అన్ని కంపెనీలూ వెనక సీటును పట్టించుకోవడం లేదని నేను అనను. 2020లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350లో ఖరీదైన రకాలకు వీపు ఆనుకునే బ్యాక్‌రెస్టు ఇచ్చారు. 2023లో వచ్చిన అదే కంపెనీ సూపర్ మీటియర్ 650లో సెలెస్టియల్ అనే దూరప్రయాణాల రకానికి బ్యాక్‌రెస్టు, గాలిని ఆపే అద్దం, వెడల్పాటి సీటు ఉన్నాయి. గోల్డ్‌వింగ్ లాంటి విదేశీ బండ్లలో వెనక మనిషికి వాలు కుర్చీ అంత సీటు ఉంటుందిగానీ, అది మనబోటివారికి అందేది కాదు, మనకు అంత అవసరమూ లేదు. నా అభ్యంతరమల్లా ఇది: దూరప్రయాణపు బండి అని ప్రకటించి అమ్మేటప్పుడు, రెండో మనిషి వీపుకు ఆసరా ఎక్కువ డబ్బు పెట్టేవారికో, విడిగా కొనుక్కునేవారికో మాత్రమే దక్కడం న్యాయం కాదు. కంపెనీ బ్యాక్‌రెస్టు ఇవ్వకపోయినా ఫరవాలేదు, సీటు వాలు తగ్గించి, పిడిని చేతికి అందేచోట పెడితే చాలు.

బండి ఒక్కటే బాగుంటే చాలదు, రోడ్డు కూడా కలిసిరావాలి. రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ప్రమాణం ప్రకారం స్పీడ్‌ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, మూడు మీటర్లకు మించిన వెడల్పుతో, పాతిక కిలోమీటర్ల వేగంలో సుఖంగా దాటగలిగేలా గుండ్రంగా ఉండాలి. మన ఊళ్లలో ఒక్క రాత్రిలో వేసేవి అడుగున్నర వెడల్పుతో గట్టులా లేచి ఉంటాయి. పిల్లల ప్రాణాల కోసం వేస్తారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ కొలత ప్రకారం వేసి తెల్లరంగు పూస్తే పిల్లలూ క్షేమంగా ఉంటారు, మా వెన్నెముకలూ నిలుస్తాయి. రెండోది, చెప్పుకోవడానికి మొహమాటపడినా చెప్పాల్సిన విషయం. దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో చాలామంది ఆడవాళ్లు బయలుదేరిన దగ్గర నుంచి నీళ్లు తాగరు. ఎండలో, గాలిలో నాలుగు గంటలు నీళ్లు లేకుండా కూర్చుంటే తలనొప్పి, కండరాలు పట్టేయడం ఖాయం. ఆ అలసటను కూడా సీటు నొప్పి ఖాతాలోనే వేసుకుంటాం. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి ఉండాలన్న నిబంధన ఉంది. తాళం అడిగితే తడుముకోని బంకు మాత్రం దారిలో నాకు ఒక్కటే దొరికింది.

చివరగా, మీ పత్రికకు నా విన్నపం. ఇకమీదట దూరప్రయాణాల బండిని సమీక్షించేటప్పుడు దయచేసి ఇద్దరిని పంపండి. వెనక ఒక మహిళను, వీలైతే నా వయసు ఆమెను కూర్చోబెట్టి, కనీసం నూట యాభై కిలోమీటర్లు తిప్పండి. ఎన్ని కిలోమీటర్లకు కాలు తిమ్మిరెక్కింది, మోకాలు ఎంత ముడుచుకుంది, కుడికాలికి సైలెన్సర్ వేడి తగిలిందా, పిడి అందిందా, బ్రేకు వేస్తే జారిందా అని ఆమెనే అడిగి, ఆమె మాటల్లోనే అచ్చువేయండి. మావారు వచ్చే ఏడాది అరకు వెళ్దామంటున్నారు. మా తమ్ముడు, మరదలు కూడా వస్తామని కొత్త బండి కోసం వెతుకుతున్నారు. అలాంటి సమీక్ష ఒక్కటి వచ్చినా మా మరదలికి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వనస్థలిపురం, హైదరాబాద్