నీడ కొలిచి చెబుతున్నాను

కావలి,
ధనుర్మాసం.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి పెద్దమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఫోనులో పంపిన ఇంటి ప్లానును మీ నాన్న పెద్ద కాగితం మీద అచ్చు వేయించి తెచ్చారు. మూడు రోజులుగా అది వంటింటి గట్టు మీదే ఉంది. పూజగది మీద చింతపండు మరక ఒకటి పడింది, ఏమీ అనుకోకు. ఫోనులో చెబితే నువ్వు "సరేనమ్మా, సరేనమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే పూర్తిగా చదువుతావు కదా అని రాస్తున్నాను. అల్లుడు గారికి కూడా వినిపించు. ప్లాను గీసిన ఇంజనీరు గారికి మాత్రం నా మాటగా చెప్పకు, నీ మాటగా చెప్పు.

నిన్న మీ చిన్నమామయ్యను వెంటబెట్టుకుని స్థలం దగ్గరకు వెళ్లాను. భూమికి పైన పది అడుగులు ఉండేలా ఒక వెదురు కర్ర నిటారుగా పాతించాను. పొద్దున తొమ్మిదింటికి దాని నీడ పదిహేడున్నర అడుగులు దాటి వాయవ్యానికి పడింది. పన్నెండు దాటిన కాసేపటికి నేరుగా ఉత్తరానికి, ఎనిమిది అడుగులకు కాస్త తక్కువ. మూడింటికి పదిహేను అడుగులు, సరిగ్గా ఈశాన్యానికి. దారిన పోయేవాళ్లు ఈవిడకేమైందని చూశారు. చూడనీ.

నీ ప్లానులో మెట్లు నైరుతిలో ఉన్నాయి. మెట్ల మీద గది, ఆ గది మీద నీళ్ల ట్యాంకు. గది ఎనిమిది అడుగులు, ట్యాంకు అయిదు, మొత్తం పదమూడు. ఈ నెలల్లో మధ్యాహ్నం మూడింటికి దాని నీడ దాదాపు ఇరవై అడుగులు పరుచుకుంటుంది. అది పడేది ఈశాన్యం వైపు, అంటే మిద్దె నడిబొడ్డున. సోలార్ పలకల కోసం నువ్వు నీలం గడులు గీయించినది సరిగ్గా అక్కడే.

మీ మామయ్య ఇంట్లో జరిగింది ఇదే. పలకలు పెట్టిన మనిషి వేసవిలో వచ్చాడు. ఎండ నడినెత్తిన ఉంది, మిద్దె మీద చారెడు నీడ లేదు. "ఎక్కడైనా పెట్టవచ్చండీ" అన్నాడు, పెట్టేశాడు. కార్తీకం వచ్చేసరికి రెండు గంటలు దాటగానే ట్యాంకు నీడ రెండు పలకలను కప్పుతోంది. రెండే కదా అనుకుంటాం. కానీ పలకలన్నీ దండలో పూలలాగా ఒకే తీగకు వరుసగా కట్టి ఉంటాయి. నీళ్ల పైపు ఒకచోట నొక్కుకుపోతే కొసదాకా ధార సన్నబడినట్లు, ఒక పలక మీద నీడ పడితే వరుస మొత్తం దిగుబడి పడిపోతుంది. ఆ నష్టాన్ని తగ్గించే ఏర్పాటు ఇప్పటి పలకల్లో ఉందట, ఉన్నా పూర్తిగా పోదు. ఇప్పుడు ట్యాంకు కదల్చలేక, పలకలు విప్పలేక మామయ్య ఊరుకున్నాడు.

ఆ మనిషి నన్ను ఒక్క మాట అడిగినా చెప్పేదాన్ని. ముప్పై ఏళ్లుగా మిద్దె మీద వడియాలు పెడుతున్నాను, మాగాయ ముక్కలు ఎండబెడుతున్నాను. ఏ నెలలో ఏ గంటకు నీడ ఏ చాప మీదికి వస్తుందో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? మన కావలిలో ఏప్రిల్ నెలాఖరున ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు ఎండ కొద్దిగా ఉత్తరం నుంచి పడుతుంది. మిగతా ఏడాదంతా దక్షిణం నుంచే. కాబట్టి పలకలు దక్షిణానికి చూడాలి, పదిహేను డిగ్రీల వాలు చాలు. మనం ఉన్న అక్షాంశం కూడా దాదాపు అంతే.

సిద్ధాంతి గారు నైరుతిలో బరువు ఉండాలంటారు. ఆయనతో నేను వాదించను, నువ్వూ వాదించకు. ట్యాంకును నైరుతిలోనే ఉంచు, కానీ రెండడుగుల దిమ్మె మీద పొట్టిగా ఉంచు. మెట్లను, మెట్ల గదిని వాయవ్యానికి మార్చు. ఉత్తరం వైపు ఉన్నది ఈ చలికాలంలో పలకల మీదికి నీడ వేయదు. పలకలను దక్షిణపు పిట్టగోడ వెంట ఆగ్నేయం దాకా వరుసగా పరిపించు. పిట్టగోడ నీడ తగలకుండా కాస్త ఎత్తు మీద ఉండాలి. ఈశాన్యం ఎలాగూ ఖాళీగా ఉంటుంది, ఆయనా సంతోషిస్తారు.

ఒక్క భయం ఉంది. దక్షిణం వైపు స్థలం ఇంకా ఖాళీగానే ఉంది. రేపు వాళ్లు మన మిద్దె కంటే ఒక అంతస్తు ఎక్కువ లేపితే ఈ నెలల్లో మనకు నీడ తప్పదు. పక్కవాళ్లను ఇల్లు కట్టవద్దని అనలేం. అందుకే పునాదులు, కాలమ్‌లు రేపు మీరూ పై అంతస్తు వేసుకునేంత గట్టిగా పోయించండి.

ఇక ఏసీల సంగతి. "సోలార్ పెడుతున్నాం కదా, నాలుగు గదులకూ ఏసీ పెట్టుకుంటే బిల్లే రాదు" అన్నావు. లెక్క చూద్దాం. ఒక కిలోవాట్ పలకలు మంచి ఎండలో రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. నువ్వనుకుంటున్న మూడు కిలోవాట్లకు పన్నెండు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటి గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది. నాలుగు ఏసీలు రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే ముప్పై రెండు. పన్నెండు సంపాదించి ముప్పై రెండు ఖర్చుపెడితే ఏ సంసారం నిలుస్తుంది? పైగా మనవైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో ముసురు పట్టి పన్నెండు కూడా రావు. మే నెలలో ఎండ ఉంటుంది కానీ పలక బాగా వేడెక్కితే దిగుబడి కొంత తగ్గుతుంది. ఎండ కావాలి, వేడి వద్దు అంటుందన్నమాట, మీ నాన్నలాగా.

కాబట్టి ముందు ఏసీ అవసరం తగ్గే ఇల్లు కట్టుకో, పలకల మాట తరువాత. స్థలం అరవై అంకణాలు (అంకణమంటే ముప్పై ఆరు చదరపు అడుగులు), వెడల్పు 36 అడుగులు, పొడవు 60. తూర్పు రోడ్డు. పొడవాటి గోడలు ఉత్తరానికి, దక్షిణానికి వస్తాయి, ఎండ ఎక్కువ కాచే పడమర గోడ పొట్టిది అవుతుంది. అంతకంటే అదృష్టం ఏం కావాలి? ఆ అదృష్టాన్ని ప్లానులో ఒక్క గీతతో పాడుచేశారు. నైరుతి పడకగదికి పడమరవైపు గోడంతా గాజు తలుపు! సాయంత్రం సూర్యాస్తమయం కనిపిస్తుందని రాశారు. అమ్మాయీ, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండను మంచం మీద కూర్చుని చూడనవసరం లేదు.

మన ఇంట్లో నీ చిన్నప్పటి గది గుర్తుందా? పడమర గది. రాత్రి పదింటికి గోడకు చేయి ఆనిస్తే పెనంలా ఉండేది. సూర్యుడు ఎప్పుడో పోయాడు, గోడ ఇంకా వేడి ఎందుకు కక్కుతోందని అడిగేదానివి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నం తాగిన వేడిని లోపలికి పంపడానికి కొన్ని గంటలు తీసుకుంటుంది, సరిగ్గా మనం పడుకునే వేళకు తెచ్చి ఇస్తుంది. మీ తాతయ్య పెంకుటింట్లో పడమరవైపు వసారా ఉండేది, కట్టెలూ ధాన్యం బస్తాలూ అక్కడే. ఎండ వాటిని కాల్చేది, మనుషులను కాదు. అలాగే నువ్వూ పడకగదికి పడమర పక్కన స్నానాల గది, బట్టల అల్మరాలు పెట్టించు. గాజు తలుపు తీసేసి పైన చిన్న వెంటిలేటర్ ఉంచు.

పడమరకు సన్‌షేడ్ వేశాం కదా అని ఇంజనీరు గారు అనవచ్చు. సన్‌షేడ్ దక్షిణపు కిటికీకి పనికొస్తుంది, అటువైపు ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి. పడమర ఎండ ఏటవాలుగా కిందనుంచి దూరుతుంది. దానికి నిలువు అడ్డం కావాలి: జాలీ గోడ, పందిరి, కాకపోతే చెట్టు. తూర్పుకూ ఆగ్నేయానికీ మాత్రం కిటికీలు ధారాళంగా పెట్టించు. తుమ్మలపెంట సముద్రం మీదుగా మధ్యాహ్నం గాలి మళ్లేది అటునుంచే. పడమటి వడగాలి బలంగా ఉన్న రోజు ఆ గాలి ఆలస్యంగా వస్తుంది. వచ్చినప్పుడు దానికి తలుపు ఉండాలి, అవతలివైపు బయటికి పోవడానికి దారీ ఉండాలి.

చెట్లు అన్నాను కదా, ప్లానులో దక్షిణం ప్రహరీ వెంట అయిదు కొబ్బరి మొక్కలు చూశాను. తీసేయించు. పదేళ్లకు నీడే కాదు, కాయ కూడా పలక మీదే పడుతుంది. పడమరకు ఒక కానుగ చాలు, గోడకు దూరంగా.

మేస్త్రీతో స్లాబు పోయకముందే మాట్లాడవలసినవి కొన్ని ఉన్నాయి. పలకల స్టాండుకు దిమ్మెలు స్లాబుతో పాటే పోయించాలి. తరువాత వచ్చి మిద్దెకు రంధ్రాలు వేస్తే ప్రతి వానకూ ఉరుస్తుంది, మామయ్య ఇంట్లో ఇప్పుడు రెండు చోట్ల గిన్నెలు పెడుతున్నారు. మిద్దె నుంచి మీటరు దాకా వైర్లకు విడిగా ఒక పైపు గోడలోనే వేయించు. ఎర్తింగ్‌కు మూడు గుంతలకు చోటు చూపించు. మిద్దె మీద ఒక కొళాయి ఉండాలి. పలకలను తెల్లవారుజామునే కడగాలి, ఎండకు కాలిన గాజు మీద చల్లనీళ్లు పోయకూడదు. మన బోరు నీళ్లకు తెల్లని ఉప్పు మరకలు కడతాయి కాబట్టి వెంటనే తడి లేకుండా తుడవాలి. ఇన్వర్టర్‌ను పడమర గోడకు తగిలించనివ్వకు, దానికీ వేడి పడదు.

స్టాండు విషయంలో పిసినారితనం వద్దు. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుము నాలుగేళ్లు ఆగదు. జింకు పూత బాగా పట్టించినది తీసుకోండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు రాత్రి ఇక్కడ గాలికీ వానకూ మామయ్య నిద్రపోలేదు. పైన పలకలు దడదడలాడుతుంటే కింద కూర్చుని హనుమాన్ చాలీసా చదివాడు. బోల్టులు బిగించిన చేతులను నమ్మలేక దేవుణ్ని నమ్మాడు.

ఆ తుఫాను రాత్రి మామయ్యకు ఇంకో సంగతి తెలిసొచ్చింది. కరెంటు పోయింది, మర్నాడు కాస్త తెరిపి ఇచ్చి వెలుతురు వచ్చింది, అయినా ఇంట్లో ఫ్యాను తిరగలేదు. లైను చచ్చినప్పుడు ఈ పలకలు కూడా ఆగిపోతాయి. స్తంభం మీద పనిచేసే మనిషికి మన మిద్దె మీది కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటు అది, మంచిదే. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే బ్యాటరీ ఉన్న రకం తీసుకోవాలి, ఖర్చు ఎక్కువ. ఫ్యాన్లకూ దీపాలకూ సరిపడా చిన్న బ్యాటరీ చాలని నా అభిప్రాయం.

డబ్బు సంగతి మీ నాన్న కనుక్కున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు గానీ అంతకు మించి గానీ పెడితే 78,000 రూపాయలు సబ్సిడీ. మూడు దాటితే పైసా పెరగదు కాబట్టి మూడే సరి. దానికి నీడలేని చోటు మూడు వందల చదరపు అడుగులు కావాలి, అంటే ఎనిమిది అంకణాలకు కాస్త ఎక్కువ. సబ్సిడీకి మన దేశంలో తయారైన పలకలే పెట్టాలి. ముందు మనం ఖర్చుపెడితే, అంతా బిగించి తనిఖీ అయ్యాక బ్యాంకులో పడుతుంది. పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోయి రాత్రి వాడుకున్న దానిలో తగ్గుతుంది, మీటరు రెండు వైపులా లెక్కపెడుతుంది.

వేడినీళ్ల సోలార్ కూడా రాశావు. అది వద్దు. మనకు వేడినీళ్లు కావలసినవి ఏడాదిలో ఈ నెలా నెలన్నరే. మే నెలలో మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లలో చేయి పెట్టలేం, చల్లనీళ్ల యంత్రం ఉంటే చెప్పు. ట్యాంకు తెల్లది కొను.

పలకలు కప్పగా మిగిలిన మిద్దెకు ప్రతి వేసవి ముందు సున్నం కొట్టించాలి. పలకల కింద ఉన్న గదికి ఆ అవసరం కూడా తక్కువే, అవే గొడుగు పడతాయి. అందుకే ఆగ్నేయం వంటగదికీ, దాని పక్కన దక్షిణపు గదికీ పైన వాటిని పరిపించమంటున్నాను. ఆ దక్షిణపు గది నాకూ మీ నాన్నకూ అని ప్లానులో రాశావుగా, అదొక స్వార్థం.

శంకుస్థాపన మాఘంలో అంటున్నారు సిద్ధాంతి గారు. మే మొదట్లో కర్తరి వచ్చేస్తే కొత్త పని మొదలుపెట్టనివ్వరు, కాబట్టి ప్లాను మార్పులు పండగలోపు తేలాలి.

కర్ర స్థలంలోనే పాతిపెట్టి ఉంది. మూడు నీడల కొసల దగ్గర మూడు రాళ్లు పెట్టి వచ్చాను. సంక్రాంతికి మీరు వచ్చేసరికి మధ్యాహ్నపు నీడ రాయికి అర అడుగు ఇవతలే ఆగుతుంది, చూద్దువుగాని. మామయ్య టేపు పదహారు అడుగులదే, పొద్దుటి నీడకు చాలక జానలతో సరిపెట్టాం. అల్లుడు గారిని పొడవాటి టేపు ఒకటి తెమ్మను.

ఇట్లు,
మీ అమ్మ